జేబులో లేని బిళ్ల

మా ముత్తాత ఏడు ఊళ్ళకు దేశ్‌ముఖ్. ఆయన పల్లకి పొలిమేర దాటకముందే ఊళ్ళో డప్పు మోగాలని కట్టడి ఉండేది. మా తాత పల్లకి మానేసి గుర్రం ఎక్కాడు. హనుమకొండ కచ్చేరీలో ఆయనకు విడిగా కుర్చీ వేసేవారు. మా నాన్న కాలానికి గుర్రం పోయి కుర్చీ ఒక్కటే మిగిలింది. దాన్ని కోట లాంటి మా గడీ అరుగు మీద వేసుకొని, భూములు దావాల్లోకీ వెండి సామాను వరంగల్ చౌరస్తా దుకాణాల్లోకీ పోతుంటే చూస్తూ కూర్చున్నాడు. వెండి పళ్ళేలు తూకానికి పోయిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. మరునాడు మోదుగాకు విస్తట్లో తిన్నాడు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మా వంశంలో మొదట జీతం తీసుకున్నవాణ్ణి నేను. డెబ్బైల మొదట్లో వరంగల్‌లో ఒక సర్కారు దవాఖానాలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేరాను. ఆస్తి నాదాకా రాలేదు గాని రెండు అలవాట్లు వచ్చాయి. ఒకటి, నడుము వంచకుండా కూర్చోవడం. రెండోది, అన్న మాట వెనక్కి తీసుకోకపోవడం. మొదటిదాని వల్ల వెన్ను నొప్పి వచ్చింది. రెండోదాని వల్ల ఏం రాబోయిందో, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను.

ఎక్స్‌రే గదిలో నాతోపాటు డార్క్‌రూమ్ అసిస్టెంటు ఒకాయన ఉండేవాడు. నర్సంపేట వైపు రైతు కుటుంబం, నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను తీసిన ఫిల్ము చీకటి గదిలో కడిగి, ఆరబెట్టి తెచ్చేవాడు. నన్ను ‘దొరా’ అని పిలిచేవాడు. అందులో మర్యాద పావు వంతు, ఎగతాళి ముప్పావు వంతు. అది నాకు తెలుసు. అయినా వద్దనలేదు. ఆ పిలుపు వినిపించే చోటు నాకు అదొక్కటే మిగిలింది.

మా దగ్గరికి వచ్చేవాళ్ళ మెడలో ఏదో ఒకటి ఉండేది. తాయెత్తు, దర్గా తావీదు, దిష్టిపూస, సిలువ, మరియమ్మ బిళ్ల. ఛాతీ ఫిల్ముకు అవన్నీ తీయాలి. లేకపోతే వాటి నీడ ఊపిరితిత్తి మీద పడి, లేని జబ్బును చూపిస్తుంది. జనం తీయడానికి భయపడేవారు. మెళ్ళోది తీసి చంకలో దాచేవారు, బనియన్ జేబులో వేసుకునేవారు. పట్టుకోవడంలో నాకు పేరుంది. నా కన్నుగప్పి ఒక్క తాయెత్తు కూడా లోపలికి పోలేదని నేను చెప్పుకునేవాణ్ణి. ఎవరూ అడగకపోయినా చెప్పుకునేవాణ్ణి.

ఎనభైల మొదట్లో, ఒక సోమవారం, ఇరవై మూడేళ్ళ కుర్రవాడు తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. రఘునాథపల్లి దగ్గరి పల్లె. క్రైస్తవ కుటుంబం. తల్లి కూలి పని చేస్తుంది. ఏటూరునాగారం అడవుల్లో ఫారెస్ట్ గార్డు పోస్టులు పడ్డాయి. శనివారం నడక పరీక్ష, నాలుగు గంటల్లో ఇరవై అయిదు కిలోమీటర్లు నడవాలి. దానికి ముందు డాక్టరు ఫిట్‌నెస్ రాయాలి, ఆ డాక్టరుకు ఛాతీ ఫిల్ము కావాలి. క్షయ లేదని తెలిస్తే చాలు.

ఊరి పేరు వినగానే గుర్తుపట్టాను. మా ఏడు ఊళ్ళలో అదొకటి. తల్లి కూడా నన్ను గుర్తుపట్టింది.

“గడీ దొరోరా? మా అమ్మ మీ గడీల వడ్లు దంచేది దొరా,” అని కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. వరండాలో పది మంది ఉన్నారు. నాకు సంతోషమైంది. దాచుకోవడం ఎందుకు, చాలా సంతోషమైంది.

కుర్రవాడు మెళ్ళో నల్లదారంతో ఉన్న మరియమ్మ బిళ్ల తీసి తల్లి చేతికిచ్చాడు. అంగీ విప్పాడు. ఫిల్ము తీశాను. కడిగిన ఫిల్ము తడిగానే వెలుగుకు పెట్టి చూశాను. గుండె ఎడమ అంచున పావలా కంటే చిన్న గుండ్రం, సన్నటి తెల్ల గీతతో, స్పష్టంగా కనిపించింది.

“బిళ్ల తీయమన్నాను గదా?”

“తీసిన సార్. అమ్మ తాన ఉన్నది.”

“ఇంకోటి ఎక్కడ దాచావు?”

“ఇంకోటి లేదు సార్. ఒక్కటే.”

“నువ్వు అబద్ధమాడొచ్చు, ఫిల్ము ఆడదు. ఆ బనియన్ జేబులో ఏముంది?”

అతను జేబు తిరగేసి చూపించాడు. ఖాళీ. “ఇప్పుడు తీసేస్తే ఖాళీ కాక ఏమవుతుంది?” అన్నాను. వరండాలో ఎవరో నవ్వారు. కుర్రవాడి మొహం నల్లబడింది. “నేను అబద్ధమాడలే సార్,” అన్నాడు. తల దించలేదు. అది నాకు నచ్చలేదు. నా ముందు నిలబడి కాదనేవాడు ఆ ఊరివాడు కావడం మరీ నచ్చలేదు.

తల్లి ముందుకొచ్చింది. నా మొహంలోకి చూసింది, వెంటనే నేలకేసి చూసింది.

“అవు దొరా. జేబుల ఉండె. నేనే తీసుకున్న. పోరనికి తెల్వదు. తప్పయింది.”

“అమ్మా! ఏందే గట్లంటవ్?”

“నువ్వు సప్పుడు జెయ్యకు బిడ్డా. దొర అన్నంక ఉన్నట్టే.”

రెండో ఫిల్ము తీశాను. ఆ వేళకు కరెంటు ఓల్టేజి పడిపోయింది. స్టెబిలైజరు మూలుగుతోంది. ఓల్టేజి తక్కువైతే ఫిల్ము పాలిపోతుంది, గుండె అంతా ఒకే తెల్ల ముద్దగా వస్తుంది, దాని లోపలివి ఏవీ కనిపించవు. ఇది మొదటి ఏడు నేర్చుకునే పాఠం. ఆ రెండో ఫిల్ములో గుండ్రం లేదు. “చూశారా?” అన్నాను, వరండాకంతా వినిపించేలా. దాన్నే కవరులో పెట్టి పంపాను. మొదటిదాన్ని పనికిరాని ఫిల్ముల పెట్టెలో వేశాను.

“మొదటిదే మంచిగ వచ్చింది గదా దొరా,” అన్నాడు డార్క్‌రూమ్ ఆయన.

“మంచిగా రావడం వేరు, సరిగా రావడం వేరు,” అన్నాను. అప్పట్లో నా మాటలు నాకే బాగుండేవి.

పనికిరాని ఫిల్ములను మేము పారేయం. వాటిలో వెండి ఉంటుంది గనక సంచుల్లో దాస్తారు. గురువారం మధ్యాహ్నం ఆయన వాటిని సర్దుతూ, ఒకదాన్ని కిటికీ వెలుగుకు పట్టుకొని చాలాసేపు చూశాడు.

“దొరా, ఓ మాట అడుగుత. కోపం జేయొద్దు.”

“అడుగు.”

“బిళ్లంటే రేకు గదా. రేకైతే నిండ తెల్లగ పడాలె. పైన దారం గుచ్చే కొక్కెం అవుపడాలె. గిదేంది, నడుమ ఖాళీ? గుడ్డు పెంకు లెక్కున్నది.”

ఫిల్మును ఆయన చేతిలోంచి లాక్కొని వెలుగుకు పెట్టాను. పదేళ్ళలో కొన్ని వందల బిళ్లల నీడలు చూసినవాణ్ణి. ప్రతి ఒక్కటీ నిండుగా, గట్టిగా, అంచులు కోసినట్టు పడుతుంది. ఇది అలా లేదు. సన్నటి పెంకులా ఉంది, ఒకవైపు కాస్త సాగి ఉంది. దాని కిందనే మినపగింజంత ఇంకొకటి కూడా ఉంది. సోమవారం అది నేను చూడనే లేదు. అది మెడలోది కాదు, జేబులోదీ కాదు. లోపలిది.

“నీ పని నువ్వు చూసుకో,” అన్నాను.

“నా పనే చూస్తున్న. కడిగింది నేనే గదా.”

ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది, అయినా రాయాలి. కుర్రవాడికి ఏమవుతుందోనన్న భయం కన్నా ముందు ఇంకో భయం వచ్చింది. చెబితే మొదటి ఫిల్ము ఎందుకు పక్కన పెట్టావని అడుగుతారు. వరండాలో పది మంది ముందు అన్న మాటను ఎవరి ముందో వెనక్కి తీసుకోవాలి. ఏమీ కాదేమోనని అనుకున్నాను. పాత క్షయ మచ్చేమో అనుకున్నాను. ఏదో ఒకటి అనుకుంటూనే ఇంటికి పోయాను. అన్నం ముందు కూర్చుంటే పళ్ళెం అంచు కూడా ఆ గీతలాగే కనిపించింది.

శుక్రవారం మెడిసిన్ వార్డు తలుపు దాకా మూడు సార్లు పోయి తిరిగొచ్చాను. నాలుగోసారి మొదటి ఫిల్ము పట్టుకొని లోపలికి వెళ్ళాను. అక్కడ కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఒకరు ఉండేవారు. చిన్న వయసు. భోజనం వేళ కూడా లైబ్రరీలో కూర్చుంటుందని అందరూ వేళాకోళం చేసేవారు. ఆమె ఫిల్ము అందుకుంది. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది.

“వయసెంత?”

“ఇరవై మూడు, మేడమ్.”

“అరవై మూడైతే ఆశ్చర్యపోను. చిన్నప్పుడు పెద్ద జ్వరమేదైనా వచ్చిందా? కళ్ళు, పెదాలు, నాలుక ఎర్రబడి, తగ్గేటప్పుడు వేళ్ళ కొసల్లో చర్మం ఊడిందా?”

“అడగలేదు. ఎక్స్‌రే గదిలో అవి అడగం.”

“చూడండి, నేను ఇలాంటి కేసు ఎప్పుడూ చూడలేదు, చదివానంతే. జపాన్‌లో పిల్లలకు ఇలాంటి జ్వరం వస్తే అక్కడి డాక్టర్లు ఏళ్ళ తరబడి గమనించారు. జ్వరం పోతుంది. పిల్లవాడు ఆడుకుంటాడు, ఇంట్లోవాళ్ళు మరిచిపోతారు. కానీ కొందరిలో గుండెకు రక్తం ఇచ్చే నాళాలు ఉబ్బిపోతాయి. సైకిలు ట్యూబు బలం లేని చోట బుడగ కడుతుందే, అలాగ. ఏళ్ళు గడిస్తే ఆ బుడగ గోడకు సున్నం పడుతుంది. ఈ గుండ్రం అదే కావచ్చు. లోపల రక్తం గడ్డకడుతుంది. పైకి మనిషి బాగానే ఉంటాడు. ఒకరోజు బరువెత్తినప్పుడో, పరుగెత్తినప్పుడో...”

ఆమె ఫిల్మును తిరిగి కవరులో పెట్టింది.

రెండు ఫిల్ముల సంగతీ, ఫారెస్ట్ గార్డు పరీక్ష సంగతీ చెప్పాను. “నడక రేపు పొద్దున, మేడమ్,” అన్నాను.

ఆమె నావైపు తిరిగి చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. ఫిట్‌నెస్ మీద సంతకం చేసిన డాక్టరు ఊళ్ళో లేడు. ఆ పల్లెకు ఫోను లేదు. ఆమెకు వార్డు విడిచి వచ్చే వీలు లేదు. ఆమె చీటీ రాసిచ్చింది. “ఇది నా అనుమానం మాత్రమే. దీనికి వాళ్ళు ఆగకపోవచ్చు. రెండు ఫిల్ముల సంగతి మాత్రం మీరే చెప్పాలి,” అంది.

శనివారం మొదటి బస్సెక్కాను. నడక నర్సంపేట రోడ్డు మీద, అటవీశాఖ డిపో దగ్గర మొదలవుతుంది. నేను దిగేసరికి నడిచేవాళ్ళు బయలుదేరి గంట దాటింది. డిపో గేటు పక్కన కలప దుంగ మీద తల్లి కూర్చొని ఉంది. చేతిలో జపమాల. పక్కన నీళ్ళ సీసా, గుడ్డలో కట్టిన రొట్టెలు. నన్ను చూసి లేచి నిలబడింది.

“దొరా! మీరు గిట్ల వచ్చిర్రేంది?”

“ఆ రోజు జేబులో నిజంగా బిళ్ల ఉందా?”

ఆమె వంగి నీళ్ళ సీసా మూత బిగించింది.

“నిజం చెప్పమ్మా. కోపం చేయను.”

“లేదు దొరా. మీరు కోపం జేస్తాంటిరి. సర్టిఫికెట్ ఆపుతరేమోనని ఉన్నదన్న.”

తరువాతి ప్రశ్న అడిగాను. చిన్నప్పుడు జ్వరం వచ్చిందా?

“ఎందుకు రాలేదు దొరా? నాలుగేండ్లప్పుడు. పది దినాలు ఒళ్ళు పెనం లెక్క కాలింది. కండ్లు నెత్తురు, పెదవులు పగిలినయ్. తట్టు పోసిందన్నరు. మిషనోళ్ళ పోప్ దవాఖానకు పోదామంటే మా అత్త యాపాకు కట్టింది. తగ్గినంక వేళ్ళ తోలు పాము కుబుసం లెక్క ఊడొచ్చింది. గండం గడిచిందని మరియమ్మ గుడిల మొక్కు తీర్చి గా బిళ్ల ఏసిన. ఇరవై ఏండ్లాయె. గదెందుకు ఇప్పుడు?”

నేను ఆమెకు చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. ఆమె చేతిలోని జపమాల ఆగిపోవడం మాత్రం గుర్తుంది.

రేంజి ఆఫీసరు టేబుల్ వేసుకొని టీ తాగుతున్నాడు. చీటీ చదివి పక్కన పెట్టాడు.

“ఏందయ్యా, ఫిట్ అని రాసేది మీ దవాఖానోళ్ళే, ఆపుమనేది మీ దవాఖానోళ్ళే. మధ్యల ఆపితే పోరడు ఫెయిలే. రేపు కలెక్టర్ దగ్గరికి పోతే నేనేం జెప్పాలె? అనుమానం అంటే కుదరదు. ఎవలిది తప్పో రాసియ్యి.”

ఆయన కాగితం నా ముందుకు తోశాడు. మొదటి ఫిల్ములో కనిపించినదాన్ని నేను దాచిన బిళ్ల అనుకున్నాననీ, అభ్యర్థి కాదన్నా వినలేదనీ, సరిగా రాని రెండో ఫిల్మును పంపాననీ, తప్పు పూర్తిగా నాదేననీ రాశాను. సంతకం చేశాను. మా తాత ముద్ర పడితే ఏడు ఊళ్ళు కదిలేవట. నా సంతకానికి ఒక జీపు కదిలింది.

జీపులో తల్లి నా వెనక కూర్చుంది. ఆమె మాట్లాడితే బాగుండునని నాకు అనిపించింది. రోడ్డు పక్కన పత్తి చేలు, మధ్యమధ్య చేతికి గుడ్డ పట్టీ కట్టుకొని నడుస్తున్న కుర్రవాళ్ళు. చెట్టు కింద కూర్చున్న ప్రతి ఒక్కడూ అతడే అనిపించాడు. ఒక మలుపులో గుంపు కనిపించింది. మనుషులు వంగి కింద దేన్నో చూస్తున్నారు. డ్రైవరు బ్రేకు వేశాడు. వెనక నుంచి “యేసయ్యా” అన్న మాట ఒక్కసారి వినిపించింది. దిగి చూస్తే బోరింగు పంపు. నీళ్ళు తాగుతున్నారు.

అతను ఇంకా చాలా ముందున్నాడు. రెండో స్థానంలో ఉన్నాడు. చెమటకు అంగీ వీపుకు అంటుకుంది. ఎడమ చెయ్యి ఊపకుండా కడుపుకు ఆనించుకొని నడుస్తున్నాడు. జీపు దాటించి ఆపి దిగాను.

“ఆగు. నడవకు.”

“జరుగుర్రి సార్. టైమైతాంది.”

“నీ గుండెలో ఏదో ఉంది. ప్రాణానికి ప్రమాదం.”

“మీరే గదా సార్ ఏం లేదన్నది? జేబులున్నదన్నరు గదా?”

అతను ఆగలేదు. నేను పక్కన నడిచాను. తోలు బూట్లతో, కవరు చంకలో పెట్టుకొని, ఇంచుమించు పరుగెడుతూ. తల్లి ముందుకు పోయి చేతులు అడ్డం పెట్టింది. “వద్దు బిడ్డా, నడువకు రా.” అతను ఆమెను తప్పించుకొని పోయాడు. “నువ్వన్న అబద్ధమే గదనే నన్ను దొంగను జేసింది. ఇప్పుడు నౌకరి గూడ తీస్తవా?” వెనకనుంచి ఇంకో నలుగురు దగ్గరికి వచ్చేశారు.

ఆయాసంతోనే అన్నాను. “నీ జేబులో ఏమీ లేదు. నువ్వు నిజమే చెప్పావు. నేనే తప్పు చూశాను.”

అతను ఆగాడు. మొట్టమొదటిసారి ఆగాడు. మొహం తెల్లగా ఉంది, పెదాలు ఎండిపోయాయి.

“గా మాట గీళ్ళందరి ముంగట అనుర్రి సార్. ఆ దినం వరండాల మా ఊరోళ్ళు ఇద్దరున్నరు. అండ్ల ఒకడు గీ నడుసుకుంట వస్తున్నోళ్ళల్ల ఉన్నడు.”

నేను అన్నాను. నడిరోడ్డు మీద, జీపు డ్రైవరు, నలుగురు కుర్రవాళ్ళు, వడ్ల బండి తోలుకొస్తున్న ఒక రైతు వింటుండగా, గట్టిగా అన్నాను. మా ఇంటి చరిత్రలో ఆ పని చేసినవాళ్ళు ఎవరూ లేరు. అలా అంటే ఏమవుతుందోనని నాలుగు తరాలు భయపడ్డాం. ఏమీ కాలేదు. రైతు ఎద్దును అదిలించి ముందుకు పోయాడు.

కుర్రవాడు కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. కూర్చున్నాక తల్లితో మెల్లగా అన్నాడు. “రెండు మైళ్ళ సంది ఇక్కడ రాయి పెట్టినట్టున్నదే. చెయ్యి గుంజుతాంది. చెప్తే తీసేస్తరని చెప్పలే.”

డాక్టరమ్మ ఈసీజీ తీస్తే అందులో అంతకుముందెప్పుడో గుండె దెబ్బ తిన్న గుర్తు కూడా ఉంది. ఏడాది కిందట పత్తి బోరాలు మోస్తూ కూలబడి, గ్యాసనుకొని రెండు రోజులు పడుకున్నాడట. హైదరాబాదు పంపారు. అక్కడ గుండె నాళాల్లోకి రంగు ఎక్కించి ఫిల్ము తీసి చూసి, ఆమె చదివింది నిజమేనని రాశారు. కోసి బాగుచేసేది కాదనీ, మాత్రలు వాడాలనీ, బరువు పని చేయొద్దనీ చెప్పారు. ఎన్నాళ్ళు బతుకుతాడని తల్లి అడిగితే, అలాంటివాళ్ళను ఎక్కువ మందిని చూడలేదు గనక చెప్పలేమన్నారట.

నాకు మెమో వచ్చింది. అది సర్వీసు పుస్తకంలో ఎక్కింది.

అతను చర్చి బడిలో రిజిస్టర్లు రాసే పనికి కుదిరాడు. ఆరు నెలలకోసారి ఫిల్ముకు వచ్చేవాడు. అంగీ విప్పి, మెళ్ళో బిళ్ల తీసి, తల్లికి కాకుండా నా చేతికిచ్చేవాడు. ఫిల్ము తీసేదాకా దాన్ని గుప్పిట్లో పట్టుకునేవాణ్ణి. ఒకసారి అన్నాడు. “మీరు బతికిచ్చిర్రో, పనికి రాకుంట జేసిర్రో నాకింకా సమజ్ కాలే సార్.” బిళ్ల అతని చేతికి తిరిగిచ్చాను. అతను రావలసిన నెల వచ్చిందంటే, వరండాలో అతని గొంతు వినిపించేదాకా నాకు పని మీద చెయ్యి ఆడేది కాదు. ఒక ఏడాది రెండు నెలలు ఆలస్యమైంది. నేను ఎవరినీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం. ఆఖరుకు వచ్చాడు. బడి పరీక్షల పని పడిందట. “నాకోసం ఫికర్ జేసిర్రా సార్?” అని నవ్వాడు. డార్క్‌రూమ్ ఆయన లోపలి నుంచే అందుకున్నాడు. “దొర రెండు నెల్ల సంది నా ఫిల్ములన్ని తిట్టి పోస్తాండు. మల్ల ఆలస్యం జెయ్యకు నాయినా, నావల్ల గాదు.”

పిల్లలూ, మీకు ఇప్పుడు మంచి యంత్రాలున్నాయి. నాకున్న భయం మాత్రం వాటితో పోలేదు. చిన్నప్పుడు పది రోజుల జ్వరం తట్టుకొని లేచి, తల్లి మొక్కు తీర్చుకున్నాక మరిచిపోయిన పిల్లలు ఎందరో ఇప్పుడు పెద్దవాళ్ళై బరువులు మోస్తున్నారు, మెట్లెక్కుతున్నారు. వాళ్ళకు తెలియదు. మనకూ తెలియదు. ఎవరో ఒకరు మీ ముందు అంగీ విప్పి, “తీసిన సార్” అంటారు. ఆ మాట వినండి.

మెమో తరువాత నా దగ్గరికి తిరిగొచ్చిన ఆ రెండు ఫిల్ములూ నా సొరుగులో చాలా కాలం ఉంచాను. శిక్షణకు వచ్చినవాళ్ళకు పక్కపక్కన పెట్టి, ఏది మంచి ఫిల్మో చెప్పమనేవాణ్ణి. ఎక్కువ మంది గుండ్రం లేనిదాన్నే చూపించేవారు. ఎనభైల చివర్లో, గడీ టేకు తలుపులు అమ్మిన కాగితాల మీద సంతకం పెట్టడానికి నేను సెలవు మీద ఊరికి పోయిన వారంలో, దవాఖానాలో సొరుగులన్నీ ఖాళీ చేసి పాత ఫిల్ములు వేలం వేశారు. వెండి తీసే వ్యాపారి వాటిని గోనెసంచుల్లో కుక్కి తూకానికి కొనుక్కుపోయాడు. ఆ రెండూ వాటిలోనే పోయాయి.